మూడు లక్షల చీటీ

హనుమకొండనుండి కరీంనగరము పోవు బాటలో ఎఱ్ఱగట్టుగుట్ట దాటినపిమ్మట హసన్‌పర్తి తగులును. ఒకప్పుడు గ్రామమైన ఈ యూరు నేడు ఓరుగల్లు మహానగర పాలక సంస్థ హద్దులలో చేరియున్నను, దాని చుట్టును పత్తి చేలును వరి మళ్లును ఇంకను మిగిలియే యున్నవి. 2025 అక్టోబరు చివరి వారమున మే మొక పనిమీద అచ్చటికి వెళ్లియుండగా, దారిప్రక్క చాయ దుకాణము బల్లమీద ఐదుగురు గృహస్థులు కూర్చుండి చేతిలోని ఫోనువంక కన్నార్పక చూచుచుండిరి. పంటల ధర గూర్చి కాబోలునని తలంచితిమి. కాదు. మద్యపు దుకాణముల కేటాయింపునకు జిల్లా కలెక్టరు సమక్షమున చీట్లు తీయుచున్న దిన మది. ఐదుగురును తలకు అరువది వేల రూపాయలు వేసికొని, ఒక దరఖాస్తు పెట్టియుండిరి. అందొకరు ఇంటి ఆడువారి గొలుసు కుదువ పెట్టి తన భాగము తెచ్చినట్లు మాటలలో బయటపడినది.

"పోతే అర్వై వేలు పోతయి, తగిల్తె బతుకే మారుతది గదా" యని వారిలో పెద్దవాడు మాతో ననెను. మీరు కోరిన దుకాణమునకు ఎన్ని దరఖాస్తులు పడినవని యడిగితిమి. "చానా పడ్డయంట" యనుటయే తప్ప సంఖ్య ఒక్కరును చెప్పలేదు. ఎరువుల బస్తా ధరలో అయిదు రూపాయల తేడాకు మూడు దుకాణములు తిరుగు మనుష్యులు వీరు. భూమి కొనవలసివచ్చినచో పహాణీలు ముప్పది యేండ్లవి తిరుగవేయువారు. మూడు లక్షల రూపాయలు వెచ్చించునప్పుడు మాత్రము ఆ యొక్క సంఖ్య వారికి అక్కఱ లేకపోయినది. మధ్యాహ్నమునకు ఫలితము తెలిసెను. చీటీ మఱియొకరిది.

ఆ సంఖ్య మరుగున నున్నది కాదు. తెలంగాణములో 2,620 దుకాణములకుగాను 2025లో 95 వేలకు మించిన దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తునకు రుసుము మూడు లక్షలు. చీటీ తగిలినను తగులకున్నను ఈ సొమ్ము తిరిగి రాదు. ఇట్లు బొక్కసమునకు చేరిన ధనము సుమారు 2,850 కోట్ల రూపాయలు. 2023లో రుసుము రెండు లక్షలై యుండగా దరఖాస్తులు 1,31,000 దాటినవి. అప్పటి రాబడి 2,600 కోట్లకు పైగా. 2021లో దరఖాస్తులు 67 వేల పైచిలుకు, రాబడి 1,350 కోట్లు. 2017లో లక్షగా నున్న రుసుము 2019లో రెండు లక్షలై, 2025లో మూడు లక్షలైనది. ఇందొక చిత్రము గమనింపదగును: 2023కును 2025కును నడుమ ఆశావహుల సంఖ్య ముప్పదియైదు వేలకు పైగా తగ్గినది, రాబడి మాత్రము పెరిగినది. పొరుగున ఆంధ్రప్రదేశములోను 2024 అక్టోబరున ఇదే తంతు జరిగినది. 3,396 దుకాణములకు దాదాపు 90 వేల దరఖాస్తులు. రుసుము రెండు లక్షలు. చేరినది 1,797 కోట్లు.

ఇక లెక్క చూతము. 95 వేలను 2,620 చేత భాగించినచో సరాసరిన దుకాణ మొక్కింటికి ముప్పదియాఱు దరఖాస్తులు. అనగా మన ఐదుగురు గృహస్థులకు గెలుపు ముప్పదియాఱింట ఒక పాలు, ఓటమి ముప్పదియైదు పాళ్లు. సరాసరి యనునది కొంత మాయావి గూడ. మారుమూల దుకాణములకు పదియో పదునైదో పడగా, రాజధాని శివారులలో నూఱు దాటిన తావులు కలవు. 2023లో శంషాబాదు ప్రాంతమున సరాసరియే నూఱుకు మించినది. లాభము ఎక్కువగా వచ్చునని అందఱును తలంచు దుకాణమునకే అందఱును ఎగబడుదురు గనుక, కోరిక ఎంత పెద్దదో గెలుపు అంత చిన్నదగును.

ఒకటి చాలదు, పెక్కు దరఖాస్తులు వేసినచో తప్పక తగులునని కొందఱు ధనికులు జట్లు కట్టుచున్నారు. ఒక జట్టు వేఱువేఱు దుకాణములకు ఇరువదియైదు దరఖాస్తులు వేసినదనుకొందము. ఖర్చు 75 లక్షలు. ప్రతిచోట ముప్పదియాఱింట ఒక పాలు అవకాశమున్నచో, ఒక్కటియు తగులకపోవుటకు గల సంభావ్యత దాదాపు సగము. ముక్కాలు కోటి వెచ్చించి బొమ్మా బొరుసా యని నాణెము నెగురవేసినట్లే యన్నమాట. ముప్పదియాఱు వేసినచో ఒకటి ఖాయముగదా యని తర్కించు వారును కలరు. కాదు. ముప్పదియాఱు వేసినను మూడింట ఒక వంతుకు మించియే వట్టిచేతులతో తిరిగివచ్చు అవకాశము కలదు. ప్రతి పెట్టెలోని చీటీయు తన పెట్టె సంగతియే ఎఱుగును. ప్రక్క పెట్టెలో మీరు ఓడితిరని అది జాలి తలంచదు. "రెండు మార్లు పోయినది, ఈ మారు మన వంతు" అను మాటయు ఇట్టిదే. రెండేండ్ల కొకమారు ఒక్క దరఖాస్తు వేయువాడు ముప్పదియాఱు పర్యాయములు వేయవలెనన్నచో డెబ్బదిరెండేండ్లు బ్రతికియుండవలెను.

ఈ చిన్న గణితము మన రైతునకు తెలియనిదా? తెలియును. తెలిసియు పక్కకు నెట్టుటకు కారణ మొకటి కలదు. గెలిచినవాని ముఖము పత్రికలో పడును. ఓడినవారి ముఖములు పడవు. మా పత్రికకు సైతము ఇందు భాగము కలదని ఒప్పుకొనక తప్పదు. 2019లో నిజామాబాదు జిల్లా రైతొకడు అబుదాబిలోని బిగ్ టికెట్ లాటరీలో కోటిన్నర దిర్హములు గెలిచెను. 2022లో దుబాయిలో డ్రైవరు పనిచేయు జగిత్యాల వైపు యువకుడు మఱియొక లాటరీలో అంతే గెలిచెను. 2025 అక్టోబరులో యూ.ఏ.ఈ. లాటరీయందు తెలుగు యువకు డొకడు పదికోట్ల దిర్హములు, అనగా రెండువందల కోట్ల రూపాయలకు మించి, సంపాదించెను. ఈ వార్తలు ఉత్తర తెలంగాణమున ఇంటింట చెప్పుకొన్నారు. ప్రతి యింట గల్ఫు పోయినవా డొకడున్న సీమలో అది సహజమే. ఆ టిక్కెట్లు కొనుచు నెలనెల జీతములో కొంత పోగొట్టుకొను వేలాది మన బిడ్డలను గూర్చి ఒక్క పంక్తియు ఎవ్వరును వ్రాయలేదు. ఏమని వ్రాయుదురు? "నిన్నటి దినము ఫలానా వానికి ఏమియు తగులలేదు" అనునది వార్త కాదు.

ఆ పదికోట్ల ఆటను కొంచెము విప్పి చూడుడు. ఒకటి మొదలు ముప్పదియొకటి వఱకు గల అంకెలలో ఆఱు ఎన్నుకొనవలెను. పండ్రెండు నెలలలో నొక నెల సంఖ్యను ఎన్నుకొనవలెను. అంతయు సరిపోవలెను. ముప్పదియొకింట ఆఱు ఎన్నుకొను విధములు 7,36,281. దానిని పండ్రెండు పెట్టి గుణించినచో 88,35,372. గెలుపు అన్నింటిలో నొకటి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి వరంగల్లు జిల్లాలోని జనము 35 లక్షల చిల్లర. అట్టి జిల్లాలు రెండున్నర కలిపి, అందొక్క మనిషిని కండ్లు మూసికొని వ్రేలుపెట్టి చూపినట్లు. లేదా యిట్లు తలంపుడు: దసరానాటి ఉదయము మొదలు సంక్రాంతి దాపునకు వచ్చువఱకు గడచు దినములు సుమారు నూటరెండు. ఆ నూటరెండు దినములలో మేము మనసులో తలంచుకొన్న సెకండు ఏదో మీరు ముందుగా చెప్పవలెను. అప్పటి టిక్కెట్టు వెల యాబది దిర్హములు. పదికోట్లను ఆ 88 లక్షలమీద పంచినచో టిక్కెట్టు ఒక్కింటికి పదునొకండు దిర్హముల చిల్లర వచ్చును. చిన్న బహుమతులు కలిపినను కొన్నవాడు సరాసరిన నష్టపడుటయే గాని బాగుపడుట లేదు. ఇది అన్యాయమని మేము అనము. ఆట అట్లే కట్టబడినది, దాని నియమములు వ్రాసియే యున్నవి. చదువువారే లేరు.

సంఖ్యలను ఎన్నుకొను విధములను లెక్కించు సూత్రము పరదేశమునుండి వచ్చినదని తలంపరాదు. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ఆ సూత్రమును సామాన్యరూపమున చెప్పియున్నాడు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. ఇంతకంటె పాతకథ నలోపాఖ్యానమున నున్నది. ఋతుపర్ణుడు రథముమీద పోవుచు ఒక తాండ్రచెట్టును చూచి, దాని కొమ్మల ఆకులును కాయలును ఇన్ని యని చెప్పినాడు. నలుడు నమ్మలేదు, రథమాపి దిగి కాయలను లెక్కించెను. లెక్క సరిపోయెను. అప్పుడు ఋతుపర్ణుడు తన కెఱుకయైన అక్షహృదయమును నలునకు చెప్పగా, కలి నలుని విడిచి ఆ చెట్టునే ఆశ్రయించెను. పాచికలుగా ఆడునవి ఆ తానికాయలే యగుట ఇందు గమనింపదగినది. జూదమున రాజ్యము పోగొట్టుకొన్నవానికి కలి వదలినది మంత్రముచేత గాదు, దానముచేత గాదు. చెట్టుక్రింద నిలువబడి కాయలు లెక్కపెట్టుటచేత.

మా హసన్‌పర్తి మిత్రులు పత్తి రైతులగుటచేత ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. ఈ దేశమున పేదవాని జూదమైన మట్కా పత్తిలోనుండియే పుట్టినది. న్యూయార్కు పత్తి విపణినుండి బొంబాయికి తంతి ద్వారా వచ్చు ఆరంభపు ధర, ముగింపు ధరలమీద పందెములు కట్టుచుండిరి. 1960 దరిదాపుల ఆ ధరల రాక ఆగిపోగా, కుండలో చీట్లు వేసి తీయుట మొదలైనది. కుండకు మట్కా యని పేరు గనుక ఆటకును అదే పేరు నిలిచినది. ఒంటి అంకెమీద పందెమునకు రూపాయికి తొమ్మిది ఇచ్చుట దాని వాడుక. అంకెలు పది. అనగా ప్రతి పది రూపాయలలో ఒకటి నడుపువానిది. చిన్న కోత యని తోచును. కాని వచ్చినదానిని మరల పందెము కాయువాడు ఏడు పర్యాయములు త్రిప్పునప్పటికి నూఱు రూపాయలలో సరాసరిన నలువదియెనిమిదికి దిగును. కోత యొక్కటే; మనిషి లేవకుండుటయే దాని బలము.

పత్తి వేయుటయే ఒక పందెమని రైతు అనవచ్చును. అనుచున్నాడు కూడ. విత్తు మొలచునో లేదో, వాన ఏ వారమున పడునో, పురుగు పడునో, ఎనుమాముల మార్కెట్టున ధర యేమి పలుకునో దైవమునకే ఎఱుక. 1997-98 సంవత్సరములలో పురుగును అప్పులును కలిసి ఓరుగల్లు జిల్లాలో ఎందఱు పత్తి రైతుల ప్రాణములు గొన్నవో ఈ ప్రాంతము మఱువలేదు. ఇన్ని చీట్లు బలవంతముగా చేత పెట్టబడినవాడు ఇంకొకటి తానై కొనినచో ఆశ్చర్య మేమని మమ్ము ప్రశ్నింపవచ్చును. మా సమాధాన మిది: చేనిలో వేసిన రూపాయి కాలము కలిసివచ్చిన యేడు పంటయై తిరిగివచ్చును, ఆ పంట మఱియొకరి నష్టముచేత వచ్చినది కాదు. చీటీలో వేసిన రూపాయి గెలిచినవానికి ఓడినవాని జేబులోనుండియే రావలెను, నడుమ నడుపువాని వాటా పోవలెను. రెండింటను అనిశ్చయము కలదనుటచేత రెండును ఒకటి కావు. పట్టణములలో వాడుకలో నున్న చిట్టీ పాటను సైతము కొందఱు ఇందే కలుపుచున్నారు, అదియు తప్పు. 1982 నాటి చట్టమునకు లోబడి నడచు చిట్టీలో అందఱి సొమ్మును అందఱికి వచ్చును. ముందెవరు, వెనుకెవరు అనునదే ప్రశ్న. బహుమతి చిట్టీలు వేఱు. వానిని 1978లోనే శాసనము నిషేధించినది.

ఇక చట్టము మాట. 1998 నాటి లాటరీల శాసనము ప్రకారము రాష్ట్రములు తమ లాటరీ తాము నడుపుకొనవచ్చును, ఇతర రాష్ట్రముల టిక్కెట్లను తమ సీమలో ఆపవచ్చును. కేరళము 1967లో లాటరీల శాఖను పెట్టి, 1968 జనవరి 26న రూపాయి టిక్కెట్టుతో మొదటి చీటీ తీసినది. తెలంగాణ ప్రభుత్వము లాటరీ నడుపదు, ఇతరుల టిక్కెట్లు అమ్మనీయదు. 2017లో గేమింగు చట్టమును సవరించి అంతర్జాలములోని పందెపు రమ్మీని గూడ మాన్పించినది. ఇది మంచిదే. 2025 నవంబరులో చౌటుప్పలున ఒక గృహస్థు తన యింటిని అమ్ముకొనలేక, ఐదువందల రూపాయల కూపన్లు వేలకొలదిగా అమ్మి లక్కీ డ్రా తీసినప్పుడు, ఆ యిల్లు పది నెలల పసిపాప పేర కొన్న కూపనుకు దక్కినది. ఊరూర ఆ కథ ప్రాకి, మఱికొందఱు అదే బాట పట్టగా, ఇట్టివి చట్టవిరుద్ధములని హెచ్చరికలు వెలువడినవి. హెచ్చరికను మేము తప్పుపట్టము. అనుమతి లేక లాటరీ నడుపుట శిక్షార్హము.

అయినచో ఐదువందల చీటీ నేరమై, మూడు లక్షల చీటీ విధానమెట్లైనది? ఒకదానిని అప్పులపాలైన గృహస్థు నడపెను, రెండవదానిని ప్రభుత్వము నడపెను. లెక్కలో ఈ భేదము కనబడదు. చౌటుప్పలు ఇంటి కూపను పోగొట్టుకొన్నవానికి పోయినది ఐదువందలు. హసన్‌పర్తిలో పోయినది అరువది వేలు, గొలుసుతో సహా.

చీటీ తీయుటయే దోషమని మా వాదము కాదు. ఉమ్మడి రాష్ట్రమున వేలము పద్ధతి నున్నప్పుడు ధనబలము గల ముఠాలు దుకాణములను చెఱబట్టుచుండెను. ఆ యనుభవము పిమ్మటనే 2012లో చీట్ల పద్ధతి వచ్చినది. గీత కార్మికులగు గౌడులకు నూటికి పదునైదు, షెడ్యూల్డు కులములకు పది, తెగలకు ఐదు చొప్పున దుకాణములను ప్రత్యేకించుట వేలములో సాధ్యమయ్యెడిది కాదు. చీటీ పక్షపాత మెఱుగదు. పదవ శతాబ్దిలోనే ఉత్తరమేరూరున గ్రామసభ్యులను కుండలో ఓలలు వేసి తీసిరని శాసనములు చెప్పుచున్నవి. అచ్చట కుండలో పేరు వేయుటకు వెల కట్టినట్లు ఏ శాసనమునను లేదు. రెండు పడకగదుల ఇండ్లను చీట్లు తీసి పంచినప్పుడు మన ప్రభుత్వమే పేదలవద్ద రుసుము గొనలేదు. టెండరులో ఓడినవానికి ధరావతు తిరిగి యిచ్చుట ప్రతి కచేరిలోను ఉన్న మర్యాద. మద్యపు చీటీకి మాత్రము ఈ మర్యాద ఏల చెల్లదో ఎక్సైజు మంత్రులు సెలవియ్యవలెను. దుకాణము దక్కినవాడు ఏటేట యాబది లక్షలు మొదలు కోటి పది లక్షలవఱకు లైసెన్సు రుసుము వేఱుగ చెల్లించుచునే యున్నాడు. దక్కనివారు ముప్పదియైదుగురు ఒక్కొక్క దుకాణము తలుపు తెఱువకముందే కోటి అయిదు లక్షలు అర్పించి ఇంటికి పోవుచున్నారు. వారు కొన్నదేమి? ఒక సీసా గూడ కాదు.

రుసుమును కచేరి ఖర్చులకు సరిపడు మొత్తమునకు దించి, మిగిలినది ధరావతుగా పుచ్చుకొని, ఓడినవారికి పదిదినములలో తిరిగి యియ్యవలెనని మేము కోరుచున్నాము. ఊరక పేరు వేయువారు పెరుగుదురన్న భయమున్నచో ధరావతు ఎంత పెద్దదైనను పెట్టుకొనవచ్చును. తిరిగి వచ్చునది గనుక ఎవ్వరికిని అభ్యంతర ముండదు. అంతవఱకు, దరఖాస్తులు స్వీకరించు దినములలో ప్రతి దుకాణమునకు ఆ సాయంత్రమువఱకు ఎన్ని పడినవో కచేరి గోడమీద తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. మూడు లక్షలు పుచ్చుకొనువారికి ఒక సున్నపు డబ్బా ఖర్చు ఎక్కువ కాదు. 2025లో గడువును అక్టోబరు 18నుండి 23వఱకు పొడిగించిరే గాని, ఆ ఐదు దినములలో ముందు వేసినవాని గెలుపు ఎంత తగ్గినదో వానికి చెప్పినవారు లేరు.

ఈ లైసెన్సులు 2027 నవంబరు 30తో ముగియును. మేము హసన్‌పర్తి విడిచి బయలుదేరునప్పుడు ఆ ఐదుగురిలో నలుగురు చాయ తాగుచు, ఈమారు పదిమందిని కూడగట్టి రెండు దరఖాస్తులు వేయుటను గూర్చి మాటలాడుకొనుచుండిరి. ఐదవవాడు, గొలుసు కుదువ పెట్టినవాడు, బిల్లు చెల్లించి ముందే వెళ్లిపోయెను.